ఇతరములు

నిరుడు సంక్రాంతికి మా మనవరాలు, దాని మొగుడు హైదరాబాదు నుంచి తెనాలి వచ్చారు. భోగిమంట చల్లారకముందే గుమ్మంలో ఒక అట్టపెట్టె దిగింది. దాంట్లో ఇంకో అట్టపెట్టె, దాంట్లో గాలి నింపిన సంచులు నాలుగు, వాటి మధ్య చెవుల్లో పెట్టుకునే యంత్రం ఒకటి. "ఎంతయింది బాబూ?" అని అడిగాను. "నెలకి ఆరొందలే తాతయ్యగారూ" అన్నాడు. నేనడిగింది ధర, అతను చెప్పింది వాయిదా. ఈ కాలం మీద నా సణుగుడంతా ఆ ఒక్క జవాబులోనే ఉంది.

మా రోజుల్లో ధర అడిగితే ధర చెప్పేవారు. అప్పు చేసి పప్పుకూడు అని పెద్దలు ఎగతాళికన్నారు. ఇప్పుడా మాటకి రంగులద్ది, నవ్వే అమ్మాయి బొమ్మ వేసి, చౌరస్తాలో హోర్డింగు కడుతున్నారు. ఒకప్పుడు అప్పిచ్చేవాడి అరుగు మీద మనం కూర్చుని, గొంతు సవరించుకుని, వాతావరణం గురించీ పంటల గురించీ అరగంట మాట్లాడి, అప్పుడు అసలు సంగతి ఎత్తేవాళ్ళం. ఇప్పుడు అప్పే మనకి ఫోన్ చేస్తోంది. మధ్యాహ్నం కునుకు పట్టే వేళకి, "సార్, మీకు ఐదు లక్షలు మంజూరైంది" అని. డెబ్భై మూడేళ్ళ పింఛనుదారుణ్ణి నాయనా, ఏం చూసి మంజూరు చేశావు అంటే పెట్టేస్తారు.

నేను అప్పు ఎరగనివాణ్ణని కాదు. ఎరిగినవాణ్ణి కనకే సణుగుతున్నాను.

1977లో మా చెల్లెలి పెళ్ళికి మా నాన్న మా ఊరి షావుకారు దగ్గర 8,000 రూపాయలు తెచ్చారు, రెండు రూపాయల వడ్డీకి. నవంబరులో కోతలవ్వగానే కొంత తీర్చేద్దామనుకున్నారు. నవంబరు 19న ఉప్పెన వచ్చింది. దివిసీమ పేరు అందరికీ తెలుసు గానీ, కృష్ణకి ఇవతల మా రేపల్లె తాలూకాలోనూ సముద్రం పొలాల మీద నడిచి వెళ్ళింది. వేల ప్రాణాలు పోయిన చోట పంట పోయిందని ఏడవడానికి కూడా సిగ్గేసింది. కోతకొచ్చిన వరి ఉప్పునీళ్ళలో పడుకుంది. ఆ సంక్రాంతికి మా నాన్న నాతో ఒకే ఒక మాట అన్నారు: "ప్రోనోటు నీ పేర తిరగ రాయమంటున్నాడ్రా ఆయన."

రాశాను. రెవెన్యూ బిళ్ళ మీద అడ్డంగా సంతకం పెట్టాను. అప్పుడు నేను తెనాలి పోస్టాఫీసులో గుమస్తాని. 260 రూపాయల మూల వేతనం, కరువు భత్యంతో కలిపి చేతికి 430 దాకా వచ్చేది. ఎనిమిది వేలకి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి 160. జీతంలో మూడో వంతు పైగా వడ్డీకే పోతే అసలు కదిలేదెప్పుడు? ఆ జనవరిలోనే మొరార్జీ ప్రభుత్వం వెయ్యి, ఐదు వేలు, పది వేల నోట్లు రద్దు చేసింది. ఆఫీసంతా అదే గోల. మా ఇంట్లో మాత్రం ఎవరూ కంగారు పడలేదు. ఆ నోటు ఏ రంగులో ఉంటుందో మాకు తెలిస్తే కదా!

మా ఆవిడకి అప్పుడు ఇరవై ఒకటి. ఒళ్ళో ఐదు నెలల పిల్ల. ఎనిమిదో తరగతి చదువు. నేను నోటు కాపీ చూపించి కూలబడితే, తను కాసేపు వేళ్ళమీద లెక్క కట్టి, మెళ్ళోంచి మూడు తులాల గొలుసు తీసి చాప మీద పెట్టింది. "పసుపుతాడు చాలు" అంది. మా అమ్మ లబలబలాడింది, తాకట్టు పెట్టండి గానీ అమ్మకండర్రా అని. "తాకట్టు వాడూ రెండు రూపాయలే అడుగుతాడు అత్తయ్యా, ఒక అప్పు తీర్చి ఇంకో అప్పు పెట్టుకున్నట్టేగా" అంది ఎనిమిదో తరగతి. గొలుసుకి రెండు వేల చిల్లర వచ్చింది. రెండు వేలు జమ వేస్తే అసలు ఆరు వేలకి దిగింది, వడ్డీ నూట ఇరవైకి.

అక్కణ్ణించి మొదలైంది మా యజ్ఞం. ఇప్పటివాళ్ళు దీన్ని పొదుపు అంటారు, పుస్తకాలు రాస్తారు, మాట్లాడి డబ్బు తీసుకుంటారు. మేం దానికి పేరు పెట్టలేదు. ఇల్లు గడవడం అనుకున్నాం.

వంట ఊకపొయ్యి మీద. పొద్దున్నే మధ్యలో సీసా నిలబెట్టి చుట్టూ ఊక దట్టించి, సీసా మెల్లగా తీసేస్తే పొయ్యి తయారు. మిల్లు నుంచి బస్తా ఊక సైకిలు మీద తెచ్చేవాణ్ణి. ఇస్త్రీకి ఇత్తడి చెంబులో నిప్పులు. చొక్కా కాలరు అరిగితే తిప్పి కుట్టేది మా ఆవిడ. రెండోవైపూ అరిగితే చొక్కా పిల్ల గౌనయ్యేది, గౌను పొయ్యి దగ్గర మసిగుడ్డయ్యేది. తలకి కుంకుడుకాయలు. గంజి వార్చి సగం బట్టలకి, సగం ఉప్పేసుకుని మాకు. మజ్జిగ అంటే పాలేరు కూడా మొహం చిట్లించేంత పల్చన. కూరగాయలకి దీపాలు పెట్టాక వెళ్ళేవాళ్ళం. మిగిలిపోయిన వంకాయలు అప్పుడు గంపగుత్తగా ఇచ్చేవారు. పుచ్చులు ఏరుకోవడం మా పని. దుగ్గిరాల వైపు అరటి తోటల్లో గెల కొట్టాక పడేసిన బోదెలు అడిగితే ఊరికే ఇచ్చేవారు. వారంలో రెండు రోజులు అరటి దవ్వ కూర. ఇప్పుడదే దవ్వని చిన్న ముక్కలు చేసి, పెట్టెలో పెట్టి, మూత్రపిండాలకి మంచిదని రాసి అమ్ముతున్నారట. మా మూత్రపిండాలు అప్పట్లో ఎంత భాగ్యవంతాలో!

రోజూ కొలిచిన బియ్యంలోంచి గుప్పెడు తీసి వేరే కుండలో వేసేది. నెల తిరిగేసరికి అదే మూడు నాలుగు రోజుల గ్రాసం. దాచడమెందుకు, ఏటా రెండు బస్తాలు మా మామగారు పంపేవారు. ఆ మాట చెప్పకుండా మా గొప్పలు చెప్పుకుంటే అది అబద్ధం. ఇక మధ్యాహ్నాలు మా ఆవిడ జాకెట్లు కుట్టేది. పెళ్ళిళ్ళ ముహూర్తాల్లో విస్తళ్ళు కుట్టేది. నెలకి నలభై, యాభై. ఆ యాభై నా నాలుగొందల ముప్పై కంటే గట్టిది. ఎందుకంటే అందులోంచి పైసా కూడా నా చేతికి వచ్చేది కాదు.

ఇక్కడే నా వీరగాథకి చిల్లు ఉంది.

రోజూ రాత్రి పద్దు రాసేవాణ్ణి. పోస్టాఫీసు గుమస్తాని కదా, గీతలు కొట్టి, కుడివైపు పైసలు వేరే గడిలో వేసి, ముత్యాల్లాంటి అక్షరాలతో. పాలు ఇంత, ఊక ఇంత, కిరసనాయిలు ఇంత. కింద ఎప్పుడూ ఒక వరుస, "ఇతరములు". రోజుకి ముప్పై పైసలో, నలభయ్యో. ఒక రాత్రి మా ఆవిడ పద్దు పుస్తకం దీపం దగ్గర పెట్టుకుని చదివి, చాలా అమాయకంగా అడిగింది: "ఏవండీ, ఈ ఇతరములు ఎవరండీ? రోజూ వస్తున్నారు, ఒక్క రోజు కూడా నాకు కనపడలేదు."

రెండు సిగరెట్లు, ఒక టీ. పోస్టాఫీసు ఎదుట బడ్డీ దగ్గర. తను ఏమీ అనలేదు. మర్నాడు నుంచి పద్దు నేను రాస్తూనే ఉన్నా, పేరు పేరునా రాయమంది. "సిగరెట్టు 1" అని నా చేత్తో నేను రాసుకోవడం మొదలెట్టాక, పదో రోజుకి ఆ వరుస ఖాళీ అయింది. మానేసింది వైద్యుడు చెప్తే కాదు, ప్రభుత్వం హెచ్చరిస్తే కాదు. రాయడానికి సిగ్గేసి.

సిగ్గంటే గుర్తొచ్చింది. మా రోజుల్లో అప్పుకి ఒక మొహం ఉండేది. మూడు నెలలకోసారి రేపల్లె ప్యాసింజరెక్కి మా ఊరు వెళ్ళేవాణ్ణి. స్టేషన్ నుంచి ఇంటికి వెళ్ళాలంటే షావుకారు అరుగు ముందు నుంచే దారి. ఆయన ఒక్కనాడు డబ్బు అడగలేదు. "పిల్ల పాకుతోందా?" అనేవాడు. అంతే. ఆ మాటకి చెప్పుల్లో కాలు నిలిచేది కాదు. నెలకి ఇరవై, ముప్పై ఇస్తే పుచ్చుకునేవాడు కాదు, కనీసం ఐదొందలు పోగేసి రమ్మనేవాడు. అందుకని మా పోస్టాఫీసులోనే సేవింగ్సు ఖాతాలో వేసుకుంటూ, ఐదొందలు, ఏడొందలు అవగానే పట్టుకెళ్ళేవాణ్ణి. నోటు వెనకాల చెల్లు రాసి ఇద్దరం సంతకాలు పెట్టేవాళ్ళం. ఆఫీసులో ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు: "పిచ్చివాడా, చెల్లు రాయకుండా మూడేళ్ళు ఊరుకుంటే నోటుకి కాలదోషం పడుతుంది, కోర్టు కూడా ఏం చెయ్యలేదు" అని. ఇంటికొచ్చి చెప్పాను. "నోటుకి కాలదోషం పడుతుంది, మరి ఆ అరుగు ముందు నుంచి మామయ్యగారు రోజూ నడవాలిగా" అంది మా ఆవిడ. ఆ సలహా అక్కడితో చచ్చింది.

ఆ మూడేళ్ళలో సినిమా లేదు. 1980లో 'శంకరాభరణం' వచ్చి ఊరూవాడా ఊగిపోతుంటే, పాటలు పక్కింటి రేడియోలో గోడ ఇవతల నుంచి విన్నాం. అప్పట్లో రేడియోకి ఏటా లైసెన్సు ఉండేది, డబ్బు కట్టాల్సింది మా పోస్టాఫీసులోనే. ఊళ్ళోవాళ్ళ లైసెన్సు పుస్తకాలన్నిటికీ ముద్ర కొట్టిన చెయ్యి ఇది. ఆ చేతికి రేడియో లేదు.

1980 అక్టోబరులో ఆఖరి వాయిదా ఇచ్చాను. ముప్పై మూడు నెలలు పట్టింది. ఆయన నోటు అడ్డంగా చించి నా చేతిలో పెట్టి, మజ్జిగ తెప్పించాడు. మా మజ్జిగ కంటే చిక్కగా ఉంది. ఆ వారమే పక్క ఊరి టూరింగు టాకీసులో రెండో ఆటకి 'శంకరాభరణం' చూశాం. పిల్ల నిద్రపోయింది. మా ఆవిడ సినిమా అంతా ఏడుస్తూనే ఉంది. కథకో, ఇంకదేనికో, నేను అడగలేదు.

ఇదంతా నేను నిరుడు భోగి నాటి రాత్రి మనవరాలి దంపతులకి చెప్పాను. ఇదివరకు చాలాసార్లు చెప్పినట్టే. ఎప్పుడూ ఆవలించే పిల్ల ఈసారి ఆవలించలేదు. మొగుడి వంక చూసింది. అతను నేల వంక చూశాడు. అప్పుడు బయటపడింది. కార్డు మీద రెండు లక్షలు బాకీ ఉన్నారు. పెళ్ళి తరవాత బాలి వెళ్ళొచ్చారు, సోఫా కొన్నారు, ఫోన్లు మార్చారు. ఇద్దరూ సంపాదిస్తారు. ఇద్దరి జీతమూ కలిపితే నేను ముప్పై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో చూడని మొత్తం.

"వడ్డీ ఎంత?" అన్నాను.

"మూడున్నర శాతం తాతయ్యా, అంతే."

"ఏడాదికా?"

"నెలకి."

మూడున్నర రూపాయల వడ్డీ! మా రోజుల్లో నూటికి నెలకి రూపాయి తీసుకుంటే ధర్మవడ్డీ అనేవారు. రెండు తీసుకుంటే షావుకారు. మూడు తీసుకునేవాడి ఇంటికి పిల్లనిచ్చేవారు కాదు. మన తెలుగువాళ్ళకి వడ్డీ అంటే నాణెంలోనే అర్థమవుతుంది. 2004లో మహిళా సంఘాలకి మూడు శాతం మించి వడ్డీ పడని పథకం పెట్టినప్పుడు, దానికి 'పావలా వడ్డీ' అని పేరు పెట్టింది అందుకే. నెలకి నూటికి ఇరవై ఐదు పైసలు. చదువురాని ఆడవాళ్ళందరికీ ఒక్క మాటలో బోధపడింది. బీటెక్కు చదివిన నా మనవరాలికి 'శాతం' అంటే బోధపడలేదు.

కాగితం తెప్పించి లెక్క వేశాను. రెండు లక్షలకి నెలకి వడ్డీ 7,000. ఆ వడ్డీ మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ, 1,260. వడ్డీ మీద పన్ను! మా షావుకారుకి ఈ ఉపాయం తోచనందుకు దేవుడికి దణ్ణం. మొత్తం 8,260. అంటే నాలుగు రూపాయల పదమూడు పైసల వడ్డీ. 'కనీసం ఇంత కట్టండి' అని కార్డువాళ్ళు వీళ్ళకి చెప్పింది పది వేలు. పది వేలు కడితే అసలులో తరిగేది 1,740. ఆ లెక్కన వీళ్ళ బాలి ప్రయాణానికి వీళ్ళ పిల్లలు వాయిదాలు కట్టాలి.

అప్పటిదాకా అరిసెల పాకం చూసుకుంటున్న మా ఆవిడ చెయ్యి తుడుచుకుని వచ్చింది. "నెలకి ఖర్చు దేనికవుతోందో రాస్తారా?" అంది. "రాయక్కర్లేదు అమ్మమ్మా, ఫోనే రాస్తుంది" అని మనవరాలు ఒక రంగుల చక్రం చూపించింది. అద్దెకో ముక్క, కారుకో ముక్క, తిండికో ముక్క. అన్నిటికంటే పెద్ద ముక్క బూడిద రంగులో ఉంది. నెలకి 31,000.

"ఇదేమిటే?"

"అదా... అదర్స్ అమ్మమ్మా. ఇతరములు."

మా ఆవిడ నా వంక ఒక్కసారి చూసింది. నలభై ఏడేళ్ళ కిందటి దీపం ఆ చూపులో వెలిగింది. తరవాత ఆ అబ్బాయి వైపు తిరిగి, ఎంతో మెత్తగా అడిగింది: "ఈ ఇతరములు ఎవరు నాయనా? రోజూ వస్తున్నారు కదా, మాకెప్పుడూ చూపించలేదే?" అతని చెవులు ఎర్రబడ్డాయి. నావి కూడా.

అతను పాపం మాట మార్చబోయాడు. "మీరు ఆ గొలుసు అమ్మకుండా ఉంటే అమ్మమ్మగారూ, ఇవాళ తులం ఎనభై వేలకి చేరువలో ఉంది. మూడు తులాలంటే రెండు లక్షల నలభై వేలు!"

"అవును" అంది మా ఆవిడ. "మరి ఆ రెండు వేలూ తీర్చకుండా ఉంటే? ఏటేటా వడ్డీ అసల్లో కలుపుకుంటూ రెండు రూపాయల చొప్పున నలభై ఏడేళ్ళకి లెక్క కట్టు." ఫోన్లో నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. నాలుగు కోట్ల తొంభై లక్షలు దాటింది. బంగారం పెరుగుతుందని అందరికీ తెలుసు. అప్పు దానికంటే వేగంగా పెరుగుతుందని అప్పిచ్చేవాడికే తెలుసు.

అంతా అయ్యాక మా ఆవిడ చెప్పింది విని నేనే నోరు తెరిచాను. "నువ్వు అమ్మకే. నీ గాజులు తాకట్టు పెట్టు." గొలుసు అమ్మిన మనిషి! "ఆ రోజుల్లో తాకట్టుకీ రెండు రూపాయలే, అందుకని అమ్మాను. ఇప్పుడు బ్యాంకులో బంగారం మీద తొమ్మిది శాతానికి ఇస్తున్నారటగా, అంటే ముప్పావలా. నాలుగు రూపాయల అప్పుని ముప్పావలా అప్పుతో కొట్టెయ్యి. ఆ ముప్పావలా అప్పుని ఇతరములతో కొట్టెయ్యి." రెండు లక్షలకి ముప్పావలా అంటే నెలకి 1,500. ఎనిమిది వేల చిల్లర ఎక్కడ, పదిహేనొందలెక్కడ? ముప్పావలా వడ్డీకి మా రోజుల్లో తోడబుట్టినవాడు కూడా ఇచ్చేవాడు కాదు. ఈ కాలం గురించి నేను ఒప్పుకునే మంచి ఇదొక్కటే, అదీ గొణుక్కుంటూ.

మాఘంలో మొదలెట్టి నెలకి పాతిక వేలు కట్టారు. ఎలా మిగిల్చారో ఫోన్ చేసి చెప్పేవాళ్ళు, నేను ముక్కుతూ వినేవాణ్ణి. ఇంటికి తెప్పించుకునే బిర్యానీ వారానికి నాలుగు నుంచి నెలకి ఒకటికి దిగిందట. చూడని సినిమా ఛానళ్ళకి కడుతున్న చందాలు ఐదు తీసేశారట. ఆఫీసుకి కారు మాని మెట్రో అట. మధ్యాహ్నానికి డబ్బా కట్టుకోవడం మొదలెట్టారట, దానికి ఇంగ్లీషులో ఏదో పెద్ద పేరు చెప్పారు. క్యారేజీకి ఇంత పేరా! నెలలో పది రోజులు పైసా తీయకపోతే గోడ మీద క్యాలెండర్లో పచ్చ గీత, గీతలన్నీ నిండితే సంబరం. మాకు నెలాఖరు పది రోజులూ అలాగే గడిచేవి, గీత గీయాలని తోచలేదు. కానీ ఒక సంగతి విన్నప్పుడు మాత్రం నోరు మూసుకున్నాను. ప్రతి ఆదివారం రాత్రి ఇద్దరూ కూర్చుని, ఆ బూడిద రంగు ముక్కలో ఉన్నదాన్ని ఒక నోటుపుస్తకంలో పేరు పేరునా చేత్తో రాస్తున్నారట.

దీపావళికి గాజులు ఇంటికొచ్చాయి. తొమ్మిది నెలలు. మాకు ముప్పై మూడు పట్టింది. జీతాలెక్కువ కదా అని నేను సమాధానపడ్డాను. "గొలుసు పోలేదు, గంజి తాగలేదు, ఇంకా తొమ్మిది నెలలెందుకు పట్టిందో అడగండి" అని మా ఆవిడ దెప్పింది. తను కూడా నా పార్టీలోకి వచ్చేసిందని సంతోషించాను.

ఆ సంతోషం ఈ సంక్రాంతి దాకానే. మళ్ళీ వచ్చారు పిల్లలిద్దరూ. ఈసారి అట్టపెట్టె లేదు. పిల్ల గాజుల చప్పుడు వినిపిస్తోంది. నేను వాలుకుర్చీలో కూర్చుని, పొదుపంటే ఏమిటి, పద్దంటే ఏమిటి, మా రోజుల్లో ఎలా ఉండేది అని మొదలెట్టాను. మా ఆవిడ లోపలి నుంచి నా మందుల పద్దు పుస్తకం పట్టుకొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ అబ్బాయి ముందే పేజీ తిప్పింది.

"బీపీ బిళ్ళలు, చక్కెర బిళ్ళలు, కంటి చుక్కలు... బాగానే ఉంది. అడుగున ఈ 'వగైరా' ఎవరండీ? ప్రతి సాయంత్రం ఇరవై రూపాయలు పట్టుకెళ్తున్నాడు."

కాలవ గట్టు మీద బండివాడి మిరపకాయ బజ్జీలు. వైద్యుడు వద్దన్నవి. పేరు మారిస్తే దొరకననుకున్నాను.

మా మనవరాలు ఏమీ అనకుండా చేతిసంచీలోంచి కలం తీసి నా చేతిలో పెట్టింది.